క్రియాటినిన్ జబ్బు పేరు కాదు

ప్రశ్న: మా అమ్మగారికి 80 ఏళ్ళు, బక్కపలచని మనిషి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది. ల్యాబువారి లెక్క ప్రకారం అది నార్మలే అయినా, కిడ్నీల పనితనం తగ్గిందని డాక్టరుగారు అన్నారు. జిమ్‌కు వెళ్ళే మా అబ్బాయికి 25 ఏళ్ళు. వాడికీ అదే 1.1 వస్తే భయం లేదన్నారు. ఒకే అంకెకు రెండు అర్థాలేమిటి? వాడు కలుపుకుని తాగే క్రియాటిన్ పొడీ, ఈ క్రియాటినినూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఒకటి కాదు గాని, ఒకదాని నుంచి మరొకటి పుడుతుంది. గ్రీకు భాషలో ‘క్రియాస్’ అంటే మాంసం. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1832లో మాంసం నుంచి వేరుచేసిన పదార్థానికి ఆ మాటతోనే క్రియాటిన్ అని పేరు పెట్టాడు. మన కండరాలలో దానిలో చాలా భాగం ఫాస్ఫేటుతో కూడి ఫాస్ఫోక్రియాటిన్‌గా ఉంటుంది. బరువు ఎత్తినప్పుడో, ఒక్కసారిగా పరుగు తీసినప్పుడో మొదటి కొద్ది క్షణాలు అక్కరకు వచ్చేది ఈ నిలవే. దీనిని 1927లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలుగులోకి తెచ్చినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తణుకువారికి భీమవరం ఎంత దగ్గరో నేను చెప్పనక్కరలేదు.

కండరాలలోని ఈ నిలవలో రోజుకు నూటికి ఒకటి రెండు వంతులు, ఏ ఎంజైము ప్రమేయమూ లేకుండా, తనంతట తానే క్రియాటినిన్‌గా మారిపోతుంది. దానితో ఒంటికి ఇక పని లేదు కనుక రక్తంలో చేరి, కిడ్నీలు వడకట్టగా మూత్రంలో పోతుంది. అంటే రక్తంలో కనిపించే అంకె కండరాల నుంచి వచ్చి చేరేదానికీ, కిడ్నీల ద్వారా బయటికి పోయేదానికీ మధ్య తేలిన మట్టం మాత్రమే. మీ అబ్బాయికి కండ ఎక్కువ, క్రియాటినిన్ ధారగా వచ్చి పడుతుంది, కిడ్నీలు అంతే జోరుగా తోడేస్తాయి; మీ అమ్మగారికి కండ తక్కువ, వచ్చేదే కొద్దిపాటి, అయినా మట్టం అంతే ఉందంటే తోడే పని నెమ్మదించిందన్నమాట. అందుకే వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి కిడ్నీలు రక్తాన్ని ఎంత జోరుగా వడకడుతున్నాయో చెప్పే ‘ఈజీఎఫ్ఆర్’ అనే అంచనా కడతారు. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం 1.1కి మీ అబ్బాయికి సుమారు 95, మీ అమ్మగారికి సుమారు 50 వస్తుంది. ఇది 60కి దిగువన మూడు నెలలకు పైగా నిలిస్తే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు; కనుక ఒక్క పరీక్షతో తేల్చకుండా మళ్ళీ చేయించమంటారు.

ఇక పొడి సంగతి. అందులో కొంత క్రియాటినిన్‌గా మారుతుంది గనుక, కిడ్నీలకు ఏ హానీ జరగకపోయినా అంకె కాస్త పెరగవచ్చు. పరీక్షకు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పమనండి.

ప్రశ్న: ఒక ల్యాబులో ఎస్‌జీపీటీ అని, ఇంకో ల్యాబులో ఏఎల్‌టీ అని ఇచ్చారు. రెండోది చేయించలేదేమోనని మళ్ళీ డబ్బు కట్టాం. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ డబ్బు వృథా అయింది, రెండూ ఒకటే. బందరు–బెజవాడ మధ్య తిరిగే బస్సును బందరులో బెజవాడ బస్సు అనీ, బెజవాడలో బందరు బస్సు అనీ అన్నట్టే ఇదీను. కాలేయ కణాల్లోని ఈ ఎంజైము అలనిన్ నుంచి పైరువిక్ ఆమ్లాన్నీ, గ్లుటామిక్ ఆమ్లాన్నీ తయారుచేస్తుంది, వెనక్కీ నడిపిస్తుంది. పాత పేరు ఎస్‌జీపీటీ గ్లుటామిక్, పైరువిక్ ఆమ్లాలున్న ఆ కొస నుంచి పెట్టినది, కొత్త పేరు ఏఎల్‌టీ అలనిన్ ఉన్న ఈ కొస నుంచి పెట్టినది. ఎస్‌జీఓటీ, ఏఎస్‌టీ కూడా అలాంటి జంటే, కాకపోతే అది గుండెలోనూ, కండరాలలోనూ బాగా ఉంటుంది. వీటిని ‘లివర్ ఫంక్షన్’ పరీక్షల్లో చేర్చడం నాకు ఎప్పుడూ సరిగా తోచదు. కణాలు దెబ్బతిని లోపలి సరుకు రక్తంలోకి కారితే ఈ అంకెలు పెరుగుతాయి. కాలేయం ఎంత పని చేస్తోందో తెలియాలంటే అది తయారుచేసే ఆల్బుమిన్, అది బయటికి పంపే బిలిరుబిన్ వంటివి చూడాలి.

ప్రశ్న: మా అత్తగారి రిపోర్టులో ‘హిమోగ్లోబిన్ ఏ1సీ 7.1’ అని చూసి, రక్తం తక్కువైందనుకుని పది రోజులు ఖర్జూరాలు తినిపించాం. అది షుగరు పరీక్ష అని తరువాత తెలిసింది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ పేరు చదివిన ఎవరైనా అలాగే పొరబడతారు. రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటే, ఆ కణం బతికి ఉన్నంతకాలం వదలదు. కణం ఆయువు సుమారు 120 రోజులు గనుక, హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగానికి అలా అంటుకుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. జనం దీన్ని ‘మూడు నెలల షుగరు’ అనడం అందుకే. 5.7కు లోపు ఉంటే మామూలు, 6.5, ఆపైన ఉంటే మధుమేహం. రక్తం ఎంత ఉందో చెప్పే హిమోగ్లోబిన్ వేరు. అది రక్తకణాల లెక్క ఉండే సీబీపీ అనే కాగితంలో, శాతంలో కాక గ్రాములలో ఉంటుంది. దాన్నీ ఒకసారి చూడండి, ఎందుకంటే ఇనుము లోపించి రక్తం తగ్గినవారిలో ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. రెండు కాగితాలూ డాక్టరుకు చూపించేదాకా ఖర్జూరాలు ఆపండి.