లతకు 84... మరి ఘంటసాలకు?

పాఠకుల ప్రశ్నలు – సంగీతం

ప్రశ్న: రోలింగ్ స్టోన్ అనే అమెరికా పత్రిక ప్రపంచంలోని 200 మంది మేటి గాయకుల జాబితా వేసి, లతా మంగేష్కర్‌కి 84వ స్థానం ఇచ్చిందట. ఘంటసాల పేరే లేదు, సుశీల గారి పేరూ లేదు. ఇద్దరూ మా ఊరి సంగీత కళాశాలలో చదువుకున్నోళ్లు. ఇదేటి న్యాయమండీ?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆ జాబితా 2023 జనవరి 1న వచ్చింది. మొదటి స్థానం అరేతా ఫ్రాంక్లిన్‌ది. లత 84, నుస్రత్ ఫతే అలీ ఖాన్ 91. సెలీన్ డియాన్‌ని వదిలేశారని ఆవిడ అభిమానులు న్యూయార్క్‌లో ఆ పత్రిక ఆఫీసు ముందుకే వెళ్లి నిరసన తెలిపారు. అలిగినవాళ్లలో మనం ఒంటరివాళ్లం కాదు లెండి.

ఇంతకుముందు 2008లో అదే పత్రిక 100 మంది జాబితా వేసింది. అందులో లత లేరు. 2008కీ 2023కీ మధ్య ఆవిడ కొత్తగా పాడి నిరూపించుకున్నదేమీ లేదు. పేరు తెచ్చిన పాటలన్నీ అంతకు దశాబ్దాల ముందువే. మారింది ఓటేసినవాళ్లు. 2008లో సంగీతకారులు, నిర్మాతలు, సంపాదకులు కలిపి 179 మంది ఓట్లు లెక్కగట్టారు. 2023లో పత్రిక సిబ్బంది, దానికి రాసేవాళ్లు కలిసి తేల్చారు. జాబితా 200కి పెరిగింది కాబట్టి చోటు దొరికిందనడానికీ లేదు, 84 అంటే మొదటి వందలోనే కదా. ఆ అంకె లత గొంతుకు కొలత కాదు, అక్కడ కూర్చున్నవాళ్లు ఎంత విన్నారో దానికి కొలత.

లెక్క వేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 100 మంది ఓటర్లు, ఒక్కొక్కరూ 50 పేర్లు రాయాలి అనుకోండి. మొదటి పేరుకు 50 మార్కులు, చివరి పేరుకు 1. అందులో తెలుగు పాట విన్నవాళ్లు ఆరుగురు ఉన్నారనుకుందాం (ఉదారంగానే అనుకుందాం). ఆరుగురూ ఘంటసాలనే మొదట రాసినా వచ్చేది 300. ఎవరో ఒక మోస్తరు ఇంగ్లీషు గాయకుణ్ని 90 మంది 40వ స్థానంలో రాశారనుకోండి, మనిషికి 11 చొప్పున 990. ఎవరూ ఎవరికీ ద్రోహం చేయలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఘంటసాల పోయారు. అంతగా తెలియనివాళ్లు నలభయ్యో చోట పారేసిన ఓటు, తెలిసినవాళ్లు నెత్తిన పెట్టుకున్న ఓటును మింగేసింది.

తెలిసినవాళ్ల మార్కుల సగటు మాత్రమే తీస్తే ఈ దోషం పోతుంది కానీ ఇంకోటి వస్తుంది. ముగ్గురే విన్న గాయకుడికి ముగ్గురూ పదికి పది వేసి కూర్చుంటారు. అందుకే ‘కనీసం ఇంతమంది వినుండాలి’ అనే గీత గీయాలి. ఏ పత్రికైనా ఆ గీత ఎక్కడ గీసిందో చెప్పకపోతే దాని అంకెల్ని పట్టించుకోనక్కర్లేదు.

ఓట్ల పద్ధతి సరిచేసినా తీరని చిక్కు ఇంకొకటి ఉంది. అది పద్యం. ఘంటసాల గొప్పతనంలో పెద్ద వాటా పద్యానిది. నాటకాల వాళ్లు పద్య పాదం చివర రాగాన్ని నిమిషాల తరబడి సాగదీసి వన్స్‌మోర్‌లు కొట్టించుకునేవారు. ఘంటసాల ఆ తోకను కత్తిరించారు. మాట ఎక్కడ విరగాలో అక్కడే ఊపిరి తీసుకున్నారు, సమాసం మధ్యలో కాదు. రాగాలాపనను భావానికి చాలినంత మాత్రమే ఉంచారు. ఇది తెలియాలంటే ముందు పాత పద్ధతి విని ఉండాలి, ఆపైన తెలుగు సమాసం ఎక్కడ విరుగుతుందో తెలియాలి. న్యూయార్క్‌లో కూర్చున్న ఓటరుకు ఇది వినపడదు. అతని తప్పు కాదు. కానీ వినపడనిదానికి ర్యాంకు ఇవ్వడం మాత్రం తప్పే.

ఇంకో సంగతి. ఘంటసాల వందకు పైగా సినిమాలకు సంగీతం కట్టారు. ర్యాంకుల జాబితాలు గాయకుల్ని ఒకచోట, సంగీత దర్శకుల్ని మరోచోట పెడతాయి. రెండూ చేసినవాడు రెండుచోట్లా సగం సగం మనిషిగా మిగులుతాడు. 1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకోండి. నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరు రాజేశ్వరరావు. వాటికి వాద్యాలు కూర్చింది, మిగతా సంగీతమంతా చేసింది, పాడింది ఘంటసాల. దీన్ని ఏ గడిలో రాస్తారు?

ప్రశ్న: సుశీల గారు 17,695 పాటలు పాడినట్టు గిన్నిస్‌లో ఉంది. బాలు (ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం) గారివి 40,000 అంటారు. లత గారివి ఒకప్పుడు 25,000 అన్నారు. అవార్డులేమో వేరే లెక్క. ఏది పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: పాటల సంఖ్యను గొప్పతనానికి కొలతగా పట్టుకోవద్దమ్మా. ఇక ఆ అంకెల్లో ఏది నిలబడుతుందో చూద్దాం.

1974 గిన్నిస్ పుస్తకంలో లత పేరున 1948 నుంచి 25,000కు తక్కువ కాకుండా పాడారని రాశారు. మహమ్మద్ రఫీ ఒప్పుకోలేదు, తాను 28,000 దాకా పాడానన్నారు. ఇద్దరి అంకెల్నీ ఒక కూడికతో పరీక్షించొచ్చు. ఆ 26 ఏళ్లలో హిందీ సినిమాలు ఏడాదికి సుమారు 120, సినిమాకు 8 పాటలు వేసుకోండి. 26 × 120 × 8 = 24,960. అంటే మొత్తం హిందీ పరిశ్రమలో అందరు గాయకులూ పాడిన పాటలన్నీ కలిపితే దాదాపు ఆ అంకె వస్తుంది! తర్వాత పాటల జాబితాలు కట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టినవాళ్లకు లత హిందీ సినిమా పాటలు ఐదు వేల పైచిలుకే తేలాయి, రఫీవి అంతకంటే కొంచెం తక్కువ. 1991లో గిన్నిస్ ఆ పద్దు తీసేసింది. 2011లో ఆశా భోంస్లే పేరున 11,000 వరకు అని రాసింది, 2016లో సుశీల పేరున 17,695. ఒంటరి పాటలు, యుగళ గీతాలు, బృందంతో పాడినవి, అన్ని భాషలవీ కలిపిన లెక్క ఇది.

40,000 మాటకొస్తే, బాలు 1966 చివర్లో మొదలుపెట్టి 2020 దాకా పాడారు. 54 ఏళ్లు, అంటే 19,700 రోజుల చిల్లర. పండగలు, జ్వరాలు, విదేశీ యాత్రలు ఏవీ మినహాయించకుండా రోజుకు రెండు చొప్పున పడుతుంది. ఒక్కరోజులో పదీ పదిహేను పాడిన రోజులు ఆయనకు ఉన్నాయి, కాదనం. కానీ గుండ్రంగా వేల సున్నాలతో వచ్చే ఏ అంకెనైనా అభిమానం కింద జమకట్టాలి, లెక్క కింద కాదు. ఒకే బాణీని తెలుగులో, తమిళంలో పాడితే ఒకటా రెండా అనేది ముందు అడగండి. సగం తగాదాలు అక్కడే తెగుతాయి.

అవార్డుల సంగతి ఇంకా అన్యాయం. నేపథ్య గాయకులకు జాతీయ అవార్డు 1967 సినిమాలతోగానీ మొదలుకాలేదు. 1968కి మహిళల్లో మొట్టమొదటి అవార్డు మన సుశీలదే, ఒక తమిళ చిత్రానికి. మొత్తం ఐదు వచ్చాయి. 1974 ఫిబ్రవరి 11న పోయిన ఘంటసాలకు ఆ అవార్డు అందుబాటులో ఉన్నది చివరి ఏడేళ్లే, అందులోనూ చివర్లో ఆరోగ్యం సరిగా లేదు. ఆయన ఖాతాలో జాతీయ అవార్డు ‘సున్నా’ అని పట్టికల్లో వేసేవాళ్లు పక్కన ఈ సంవత్సరాలు కూడా వేయాలి.

ప్రశ్న: ఎవరెన్ని ఆక్టేవ్‌లు పాడతారో జాబితాలు తిరుగుతున్నాయి. ఐదు ఆక్టేవ్‌లు పాడేవారి ముందు మనవాళ్లు ఏపాటి?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కర్ణాటక కచేరీ చాలావరకు మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా, అంటే రెండు స్థాయిల్లో (ఆక్టేవ్‌ల్లో) నడుస్తుంది. ఆ రెండు స్థాయిల్లో గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) ఎలా పలికిందన్నదే ప్రశ్న. ఎక్కువ మెట్లెక్కినవాడికి బహుమతి సంగీతంలో కాదు, సింహాచలం కొండ మీద ఇవ్వొచ్చు.

ప్రశ్న: యూట్యూబ్, స్పాటిఫై లెక్కలు యంత్రం వేసినవే కదా, వాటిలో పక్షపాతం ఉండదు కదా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: యంత్రానికి పక్షపాతం లేదు, జ్ఞాపకమూ లేదు. స్పాటిఫై మన దేశానికి వచ్చింది 2019లో. 30 సెకన్లు దాటితే ఒక వినికిడి కింద రాసుకుంటుంది. పాత తెలుగు పాట ఒకటే ఐదారు సంకలనాల్లో ఐదారుసార్లు పెట్టి ఉంటుంది, లెక్క చీలిపోతుంది. గాయకుడి పేరు చోట ఒకచోట ఘంటసాల, మరోచోట ఘంటసాల వేంకటేశ్వరరావు, ఇంకోచోట సంగీత దర్శకుడి పేరు. పెళ్లి పందిట్లో మైకు, ఆకాశవాణి, అంతిమయాత్ర బండి మీద మోగే ఆయన భగవద్గీత ఏ ఖాతాలో పడతాయి? తెలుగు ఊళ్లలో ఆ గీత విననివాడు అరుదు. ఆ వినికిడికి వ్యూస్ లేవు.

ప్రశ్న: ఘంటసాల జయంతి (డిసెంబరు 4) సందర్భంగా మా సంఘం తరఫున ‘మేటి పదిమంది’ని ఎంచాలనుకుంటున్నాం. నారాయణదాసు, ద్వారం, సుశీల, వంగపండు... అందర్నీ కలిపి ఓటింగ్ పెడదామంటున్నారు. న్యాయంగా జరగాలంటే ఏం చేయాలి?
– ఒక సాంస్కృతిక సంఘం కార్యదర్శి, విజయనగరం

జవాబు: అందర్నీ కలపకండి, అన్నింటికంటే ముందు అది. ఆదిభట్ల నారాయణదాసుది హరికథ. గజ్జె కట్టి, చిరతలు పట్టి గంటల తరబడి నడిపే ప్రదర్శన. పాత 78 స్పీడు పదంగుళాల గ్రామఫోన్ రికార్డులో ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకు, అందులో హరికథ ఇమడదు. ద్వారం వెంకటస్వామి నాయుడుది వయొలిన్. వంగపండుది జనం మధ్య గజ్జె కట్టి పాడిన పాట. వీళ్లను ఒక వరసలో నిలబెట్టి అంకెలు వేయడం వరినీ నువ్వుల్నీ ఒకే కుంచంతో కొలిచి ఏది ఎక్కువ పండిందని అడగడం లాంటిది. సినిమా గాయకులకు ఒక పోటీ పెట్టుకోండి, మిగతావారికి ర్యాంకులు లేని గౌరవ పట్టిక వేయండి.

పేర్లు రాయించుకునే ఓటింగ్ వద్దు, వినిపించి మార్కులు వేయించండి. గాయకుడికి ఐదు పాటలు చాలు: ఒక పద్యం (లేదా శ్లోకం), ఒక శాస్త్రీయ రాగపు పాట, ఒక లలితమైనది, ఒక హాస్యం లేదా జానపదం, ఒక యుగళం. పల్లవి ఒక్కటే పెట్టకండి. పల్లవి అందరికీ నోటికొచ్చు కాబట్టి పాటకు మార్కులు పడతాయి, గాయకుడికి కాదు. ఒక చరణం పూర్తిగా వినిపించండి. ఒక పూటకు పన్నెండు, పదిహేను ముక్కలు దాటితే చెవి అలిసిపోతుంది, మార్కులన్నీ ఆరూ ఏడూ మధ్యకు జారతాయి. అందుకు తగినన్ని పూటలు పెట్టుకోండి. శ్రోతలను రెండు జట్లుగా చేసి, రెండో జట్టుకు వరస తిరగేయండి. మొదట విన్నదానికీ చివర విన్నదానికీ అదనపు లాభం ఉంటుంది.

అసలు గొడవంతా ఆడియో దగ్గర వస్తుంది. సినిమా డీవీడీ నుంచి తీసిన పాటలు కొన్ని సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తాయి, సినిమా తీసింది 24తో. దాంతో పాట 4 శాతం వేగంగా పోతుంది, శ్రుతి అర మెట్టులో (సెమీటోన్‌లో) సుమారు 70 శాతం పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతి పాట దాదాపు రెండుకు చేరువగా, గొంతు పల్చగా, కాస్త ముక్కుతో పాడినట్టుగా వినిపిస్తుంది. పిల్లలు ‘ఈయన గొంతు ఇంత సన్నమా’ అంటారు. శ్రుతిపెట్టె పక్కన పెట్టి సరిచూడండి. ఆధార షడ్జం రెండు మెట్ల మధ్య వేలాడుతుంటే అనుమానించాలి. అదే పాట రికార్డు నుంచి వచ్చిన ప్రతి ఉంటే దానితో పోల్చండి. సరిచేయడానికి ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పీడును 4 శాతం తగ్గించాలి. టెంపో తగ్గిస్తే నడక మారుతుందిగానీ శ్రుతి అలాగే ఉంటుంది, కాబట్టి అది కాదు. వేరే గాయకులతో మళ్లీ పాడించిన క్యాసెట్ల ప్రతులూ చలామణిలో ఉన్నాయి, అవి కలవకుండా చూసుకోండి.

శబ్దం స్థాయి అన్నిటికీ సమానం చేయాలి. ఈ మధ్య శుభ్రం చేసి విడుదలైన పాటలు పాతవాటికంటే పెద్దగా మోగుతాయి. పెద్దగా మోగినదే బాగున్నట్టు తోస్తుంది, ఎంత చెవి ఉన్నవాడికైనా.

మార్కుల చీటీలో ఐదు గడులు, గడికి పది: శ్రుతి, ఉచ్చారణ (ఒత్తులు, మహాప్రాణాలు, శ-ష-స తేడా), ఊపిరి తీసిన చోటు, భావం, ఐదు పాటల్లో వైవిధ్యం. చివరిది ఐదూ విన్నాకే వేయాలి. చీటీ మీద వయసు రాయించండి, పేరు అక్కర్లేదు. ముప్ఫై లోపువారి సగటు, అరవై దాటినవారి సగటు విడివిడిగా ప్రకటించండి. అవి బాగా వేరైతే అదే మీ సభలో మాట్లాడుకోదగ్గ విషయం. ఒక గాయకుడికి కనీసం 20 చీటీలు రాకపోతే అంకె ప్రకటించవద్దు.

ఇద్దరి మధ్య తేడా 50కి ఒక మార్కు లోపు ఉంటే ఇద్దర్నీ ఒకే స్థానంలో పెట్టండి, పేర్లు అకారాది క్రమంలో రాయండి. ఘంటసాలకు ‘ఘ’ కాబట్టి మొదట్లోనే వస్తారు, సుశీల అభిమానులు దానికి కూడా అడ్డుపడితే చీటీలు తీసి చూపించండి. అందుకోసమే చీటీలను కనీసం నెల రోజులు పారేయకండి.