సీడీ పెట్టినా కంప్యూటర్ బూట్ కావడం లేదు

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. 2003లో కొన్న పెంటియం 4 కంప్యూటర్‌లో పేజ్‌మేకర్‌తో చేసిన శుభలేఖలు వందల సంఖ్యలో ఉన్నాయి. వారం రోజులుగా ఆన్ చేయగానే ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ (విండోస్‌ను మొదలుపెట్టే ఫైలు దొరకడం లేదు) అని చూపి ఆగిపోతోంది. ఫైళ్లయినా బయటకు తీసుకుందామని సీడీ నుంచే నడిచే పప్పీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐఎస్ఓ ఫైలును (సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా మార్చిన నకలు) డౌన్‌లోడ్ చేసి సీడీలోకి కాపీ చేశాను. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే బయాస్ సెట్టింగుల్లో సీడీ డ్రైవ్‌ను మొదటి స్థానంలో పెట్టినా అదే సందేశం వస్తోంది. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి మర్నాడు చూస్తే ఆ సెట్టింగు పోయి, తేదీ కూడా 2002కు వెళ్లిపోతోంది. సీడీ డ్రైవ్ పాడైపోయిందా?

జవాబు: డ్రైవ్‌ను అప్పుడే అనుమానించకండి. మీ ఉత్తరాన్ని బట్టి ఇక్కడ రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి సరిచేసిన రోజున రెండోది అడ్డుపడుతూ ఉండటం వల్ల మీ ప్రయత్నాలన్నీ వృథా అయినట్టు కనిపిస్తున్నాయి.

మొదటిది మీ సీడీ. దానిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఐఎస్ఓ అనే ఒక్క ఫైలు మాత్రమే కనిపిస్తే అది బూట్ అయ్యే సీడీ కాదు, ఒక ఫైలును దాచుకున్న సీడీ మాత్రమే. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘బర్న్ ఇమేజ్’ అనే ఆప్షన్‌ను ఎంచుకుని రాసినప్పుడే ఐఎస్ఓలోని ఫోల్డర్లు, బూట్ సమాచారం విడివిడిగా డిస్కు మీదకు చేరతాయి. చాలామంది చేసే పొరపాటే ఇది. మీ డ్రైవ్ డీవీడీలు చదవలేనిదైతే 700 ఎంబీకి మించని 32 బిట్ వెర్షన్‌ను తీసుకుని, రీరైటబుల్ కాకుండా మామూలు సీడీ-ఆర్‌పై తక్కువ వేగంతో రాయండి.

రెండోది మదర్‌బోర్డు మీది బ్యాటరీ. కరెంటు లేనప్పుడు తేదీని, బయాస్ సెట్టింగులను నిలబెట్టేది రూపాయి బిళ్లలా ఉండే ఆ సీఆర్ 2032 సెల్లే. అది అయిపోవడం వల్లనే మీరు మెయిన్ స్విచ్ కట్టేసిన ప్రతిసారీ హార్డ్ డిస్కు మళ్లీ మొదటి స్థానంలోకి వస్తోంది. వాచీలు బాగుచేసే దుకాణాల్లో కూడా ఇది దొరుకుతుంది. పవర్ కేబుల్ పూర్తిగా తీసేసి, పక్కనున్న చిన్న క్లిప్‌ను నొక్కితే పాత సెల్లు పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తరువాత డిలీట్ కీతో బయాస్‌లోకి వెళ్లి తేదీని, బూట్ క్రమాన్ని సరిచేసి, ఎఫ్10తో సేవ్ చేయండి.

అదే సమయంలో బయాస్ తెరపై సీడీ డ్రైవ్ పేరు కనిపిస్తోందో లేదో గమనించండి. కనిపించకపోతే దాని వెనుక నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే వెడల్పాటి ఐడీఈ కేబుల్‌ను తీసి గట్టిగా బిగించండి. పేరు కనిపిస్తూ, సరిగ్గా రాసిన సీడీ కూడా బూట్ కాకపోతే అప్పుడు డ్రైవ్‌ను అనుమానించవచ్చు.

పప్పీ తెరుచుకున్నాక ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకుండా ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మీరు వాడినవి ‘అను’ తెలుగు ఫాంట్లయితే, విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా తప్పక తీసుకోండి. అవి అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌వి కావు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో మీ శుభలేఖలన్నీ అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తాయి.