జపాన్‌లో అగ్నిపర్వతాల నేషనల్ పార్కు ఒక్కటే చూడగలిగితే ఫుజీకి వెళ్ళాలా, ఇంకెక్కడికైనానా?

జపాన్ దక్షిణ కొసన ఉన్న కాగోషిమాకు వెళ్ళండి. అక్కడి కిరిషిమా-కింకోవాన్ నేషనల్ పార్కు చూడండి. ఫుజీ అందాన్ని నేను కాదనను. కానీ అది చివరిసారి పేలింది 1707లో. ఇప్పుడు అక్కడ కనిపించేది నిద్రపోతున్న కొండ, అదీ మబ్బులు దయతలిస్తేనే. కాగోషిమా ఎదుట ఉన్న సకురజిమ అగ్నిపర్వతం మాత్రం ఊరి నడివీధిలో నిలబడినా కనిపిస్తుంది, పొగ కక్కుతూ.

జపాన్ 1934లో మొట్టమొదటగా ప్రకటించిన మూడు నేషనల్ పార్కుల్లో కిరిషిమా ఒకటి. 1964లో కింకో అఖాతాన్నీ యాకుషిమా దీవినీ దానిలో కలిపారు. 2012లో యాకుషిమాను వేరే పార్కుగా విడదీశారు. ఉత్తరాన కిరిషిమా కొండలు, దక్షిణాన అఖాతం, ఆ నీళ్ళ మధ్య 1117 మీటర్ల సకురజిమ. అసలు ఆ అఖాతం ఉత్తర భాగమే సుమారు 30,000 ఏళ్ళ క్రితం జరిగిన మహా విస్ఫోటనంలో కూలిన గొయ్యి. ఇవన్నీ ఒక్క పార్కులో ఉండగా, మన టూర్ ప్యాకేజీల వాళ్ళు ఇప్పటికీ టోక్యో, క్యోటో, ఒసాకా అంటూ అదే దారిలో తిప్పుతారు. నాలుగు గుళ్ళూ రెండు షాపింగ్ మాల్స్ చూపించి, మధ్యలో ఫుజీ దగ్గర ఫోటో కోసం బస్సు ఆపుతారు. వాళ్ళ మీద నాకు చాలా కోపం.

నేను ఫుకుఓకాలో ఉంటాను. షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో కాగోషిమా గంటన్నర దూరం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళను తీసుకెళ్ళాను. కాగోషిమా రేవు నుంచి సకురజిమకు ఫెర్రీలో పావుగంట ప్రయాణం, రాత్రీ పగలూ నడుస్తుంది. పర్యాటకుల బస్సు పడమటి వైపే తిరిగి వచ్చేస్తుంది కాబట్టి, తూర్పున ఉన్న కురోకామికి టాక్సీ మాట్లాడుకున్నాం.

అక్కడొక గుడి ముఖద్వారం ఉంది. మూడు మీటర్ల ఎత్తు ద్వారంలో ఇప్పుడు నేల పైన కనిపించేది మీటరు మాత్రమే. 1914 జనవరి విస్ఫోటనంలో మిగతాదంతా బూడిదలో కూరుకుపోయింది. తవ్వి తీయబోతే, రాబోయే తరాలకు తెలియాలి, అలాగే వదిలేయండని ఆనాటి ఊరిపెద్ద ఆపించాడు. ఆ ఏడాదే లావా దాదాపు 400 మీటర్ల వెడల్పున్న జలసంధిని పూడ్చేసి, దీవిని ప్రధాన భూభాగానికి అతికించింది.

మేము ఆ ద్వారం దగ్గర ఉండగానే బూడిద రాలడం మొదలైంది. ఎండ అలాగే ఉంది, గొడుగు మీద మాత్రం సన్నటి చప్పుడు. అమ్మ అరచేతిలో పట్టి వేళ్ళతో నలిపి చూసింది. మన కట్టెల పొయ్యి బూడిదలా మెత్తగా లేదు, గాజు నూరి పోసినట్టు గరగరలాడింది. పక్క ఇంటి ముందు ఒక ముసలావిడ బూడిద ఊడ్చి చేటలోకి ఎత్తి, పసుపు రంగు సంచిలో పోస్తోంది. ఆ సంచులను నగరపాలక సంస్థే ఇస్తుంది, నింపి వీధి చివర పెడితే తీసుకుపోతారు. అమ్మ ఏమీ అడగకుండా వెళ్ళి సంచి మూతి తెరిచి పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. రోజూ ఇంతేనా అని అమ్మ నాచేత అడిగించింది. గాలిని బట్టి, రేపు అవతలి ఊరివాళ్ళ వంతు అందావిడ, చీపురు ఆపకుండానే. కాగోషిమా టీవీలో వాతావరణ వార్తలతో పాటు సకురజిమ మీద గాలి ఎటు వీస్తోందో కూడా చెబుతారు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడి సమాధులకు కూడా పైకప్పులు వేసి ఉంటాయి.

హిగషి-సకురజిమ బడి ఆవరణలో ఉన్న శిలాఫలకాన్ని మాత్రం వదలకండి. 1914లో భూమి కంపించి, బావుల్లో నీళ్ళు ఉడుకుతుంటే ఊరివాళ్ళు భయపడి వాతావరణ కేంద్రాన్ని అడిగారు. విస్ఫోటనం రాదని జవాబు వచ్చింది. నమ్మి ఆగిపోయినవాళ్ళలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సిద్ధాంతాలను నమ్ముకోకుండా, తేడా కనిపించగానే ముందే బయటపడే ఏర్పాట్లు చేసుకోవాలని పదేళ్ళ తర్వాత రాతిలో చెక్కించారు. నేను చదివి అర్థం చెబితే నాన్న చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు. పాలనలో ఉన్నవాళ్ళు ఇంత నిజాయితీగా రాయించిన రాయి ప్రపంచంలో ఇంకొకటి ఉండదని నా గట్టి నమ్మకం. ఫుజీ దగ్గర ఇలాంటిది దొరకదు.

ఇక వెళ్ళే సంగతి. సకురజిమ శిఖరం ఎక్కనివ్వరు, బిలం చుట్టూ రెండు కిలోమీటర్ల మేర ప్రవేశం నిషేధం. 373 మీటర్ల ఎత్తున ఉన్న యునోహిరా వ్యూ పాయింట్ వరకు వెళ్ళవచ్చు, అంతవరకు చాలు. కొండ ఎక్కాలన్న కోరిక ఉంటే కిరిషిమాలో 1700 మీటర్ల కరకునిదాకే శిఖరం ఉంది. పక్కనున్న షిన్మోయెదాకే 2011లోనూ 2018లోనూ పేలింది కాబట్టి, దారులు తెరిచి ఉన్నాయో లేదో ఆ రోజు పొద్దునే చూసుకోండి. శాకాహారులైతే ఫెర్రీలో అమ్మే ఉడోన్ నూడుల్స్ జోలికి పోకండి, దాని పులుసులో చేప ఉంటుంది. మేము పులిహోర కట్టుకెళ్ళాం. వేసవిలో గాలి నగరం వైపు, చలికాలంలో తూర్పు వైపు ఎక్కువగా వీస్తుంది, బస ఎక్కడో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మాత్రం తప్పకుండా కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళండి.