పాత పెళ్ళి టేపు, ఫోన్ వీడియోలు కలిపి డీవీడీ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మినీ డీవీ టేపులోని పెళ్ళి వీడియో కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు, ఫోన్‌లో తీసినవి కూడా కొన్ని ఉన్నాయి, ఊళ్ళో పెద్దవాళ్ళు డీవీడీ ప్లేయర్‌లో తప్ప ఇంకెందులోనూ చూడరు, వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వాడమని ఎవరో చెప్పారు, మరి మెనూతో డిస్క్ చేయడానికి సాఫ్ట్‌వేర్ కొనాలా, ఉచితంగా పనైపోతుందా అని.

కొనక్కర్లేదు. డిస్క్ తయారీకి డీవీడీ స్టైలర్, రైట్ చేయడానికి ఐఎంజీబర్న్. రెండూ ఉచితమే. మా బంధువుల పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు అన్నీ ఈ రెండింటితోనే చేసి పంచుతూ వస్తున్నాను. దింపుకునేటప్పుడు అసలు సైట్ నుంచే దింపుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో ఇంకేదో టూల్‌బార్ వేస్తానంటే టిక్ తీసేయండి.

హ్యాండ్‌బ్రేక్ వాడమని మీకు ఎవరో చెప్పారన్నారు కదా, అది డీవీడీ నుంచి ఎంపీ4 తీస్తుంది గానీ డీవీడీ చేయదు. అలాగే ఎంపీ4 ఫైలును ఖాళీ డిస్క్‌లోకి కాపీ చేసేస్తే పాత ప్లేయర్ దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే దానికి కావాల్సింది వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియో, మన టీవీల పాల్ (PAL) పద్ధతిలో అయితే 720×576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు. ఆ రూపంలోకి మార్చి మెనూ కట్టిపెట్టడమే ఈ సాఫ్ట్‌వేర్ల పని. విస్టాలో, విండోస్ 7లో డీవీడీ మేకర్ అని ఒకటి ఉండేది, విండోస్ 8 నుంచి తీసేశారు. మ్యాక్‌లో ఐడీవీడీ పోయింది, అడోబీ ఎన్‌కోర్ సీఎస్6తో ఆగిపోయింది. కాబట్టి ఎంచుకోవడానికి మిగిలినవే తక్కువ.

ఎంచుకునేటప్పుడు మాత్రం టెంప్లేట్లు చూసి పడిపోకండి. మా అమ్మమ్మకు మెనూలో పూలు ఎగిరితే ఏంటి, ఎగరకపోతే ఏంటి? ఆవిడ రిమోట్‌లో నెక్స్ట్ బటన్ నొక్కుకుంటూ పోతుంది, జీలకర్ర బెల్లం దగ్గర ఆగాలి, ఇంకోసారి నొక్కితే తాళి, ఇంకోసారి నొక్కితే తలంబ్రాలు, ఆ తర్వాత అప్పగింతలు రాగానే కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటికి. అంటే చాప్టర్లు మనకు కావాల్సిన చోట పెట్టుకోనివ్వాలి. డీవీడీ స్టైలర్‌లో వీడియో ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి టైములు మనమే రాసుకోవచ్చు. ఇన్ని నిమిషాలకొకటి అని ఆటోమేటిక్‌గా పెట్టించుకుంటే అది మంత్రం మధ్యలో తెగుతుంది, అందుకే ముందు వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో నడిపిస్తూ టైములు కాగితం మీద రాసిపెట్టుకోండి. విసుగు పనే, కానీ ఇంట్లోవాళ్ళు మెచ్చుకునేది దీన్నే.

రెండోది బిట్‌రేట్, అంటే ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా. మామూలు డిస్క్ 4.7 జీబీ. గంటన్నర వీడియో పెడితే ఆడియోతో కలిపి సెకనుకు 7 మెగాబిట్ల దాకా వస్తుంది, చాలా బాగుంటుంది. రెండు గంటలకు 5 చిల్లర, ఫర్వాలేదు. మూడు గంటలు కుక్కితే మూడున్నరకు పడిపోతుంది, అప్పుడు తలంబ్రాల సీన్ చూడండి, ఎగిరే బియ్యం గింజలన్నీ కలిసిపోయి పెళ్ళికూతురి ముఖం మీద గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. కదలిక ఎక్కువున్న చోటే ఎంపెగ్ దొరికిపోతుంది. కొందరు రెండు పొరలుండి ఎక్కువ పట్టే డ్యూయల్ లేయర్ డిస్క్ కొనమంటారు, అది పాత ప్లేయర్లలో మొరాయిస్తుందని నా అనుభవం. శుభ్రంగా రెండు డిస్కులు చేయండి: ఒకటి పెళ్ళి, ఒకటి రిసెప్షన్.

టేపు వీడియోలో ఇంకో తిరకాసుంది. డీవీ టేపు వీడియో ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలు (ఫీల్డులు) చేసి ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది, అందులో కింది ఫీల్డు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఫీల్డ్ ఆర్డర్ అడిగితే బాటమ్ ఫస్ట్ అని పెట్టాలి. తప్పు పెడితే కదలకుండా కూర్చున్నవాళ్ళు బాగానే ఉంటారు, ఎవరైనా మండపానికి అడ్డంగా నడిస్తే చాలు ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు అదురుతుంది.

ఫోన్ వీడియోలను మాత్రం దీంట్లో కలపొద్దు. అవి ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములు, అదీ నిలకడగా ఉండదు, నేరుగా వేస్తే పోను పోను మాట ఒకచోట, పెదవులు ఒకచోట. హ్యాండ్‌బ్రేక్ పనికొచ్చేది ఇక్కడ: కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (ఫ్రేముల సంఖ్య నిలకడగా ఉండేది) పెట్టి ముందు మార్చుకోండి, తర్వాత వాటితో విడిగా ఎన్‌టీఎస్‌సీ (సెకనుకు దాదాపు 30 ఫ్రేములుండే అమెరికా టీవీ పద్ధతి) డిస్క్ చేయండి. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి. పాల్‌లోకి లాగితే కెమెరా తిప్పిన ప్రతిచోటా కుదుపులొస్తాయి.

మెనూలో తెలుగు పేర్లు కావాలంటే వేరే ప్రోగ్రామ్‌లో అక్షరాలతో సహా బొమ్మ చేసుకుని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి, శుభలేఖ మీద అచ్చుతప్పు కంటే ఘోరంగా ఉంటుంది. అక్షరాలు అంచులకు దూరంగా ఉంచండి, పాత డబ్బా టీవీలు నాలుగు వైపులా కొంత కోసేస్తాయి.

డబ్బు పెట్టి తీరతానంటే టీఎంపీజీఎన్‌క్ ఆథరింగ్ వర్క్స్ బాగుంటుంది, కానీ తరచుగా చేసేవాళ్ళకే గిట్టుబాటు. ట్రయల్ వెర్షన్లతో జాగ్రత్త, నేను చూసిన ఒకదాంట్లో పనంతా అయ్యాక తాళి కట్టే సీన్ మీద కంపెనీ పేరు అచ్చు వేసింది.

అంతా అయ్యాక నేరుగా డిస్క్ మీద రైట్ చేయకుండా ముందు ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) చేసి వీఎల్‌సీలో తెరిచి మెనూ బటన్లన్నీ నొక్కి చూడండి. తర్వాత మంచి కంపెనీ డీవీడీ మైనస్ ఆర్ డిస్క్ మీద 4ఎక్స్ లేదా 8ఎక్స్ స్పీడులో, వెరిఫై టిక్ పెట్టి రైట్ చేయండి. ముందు ఒక్క కాపీ చేసి, ఊళ్ళో ఉన్న ఆ ప్లేయర్‌లోనే ఆడించి చూశాకే మిగతావి చేసుకోండి.