ప్రభుత్వం, సర్కారు, రాజ్యం: మూడూ ఒకటేనా?

‘ప్రభుత్వం’ అన్న మాటకు సరైన అర్థమేమిటి, సర్కారు, రాజ్యం, రాష్ట్రం, పాలన దానికి పర్యాయపదాలేనా, పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాయొచ్చా అని అడిగారు. నిఘంటువు వీటిలో చాలావాటిని ఒక వరుసలోనే పెడుతుంది. కాని ఇవి ఒకటి కావు. నేను పద్నాలుగేళ్లుగా ఒక తహసీల్దారు కార్యాలయం ఎదుట అర్జీలు రాస్తున్నాను. ఈ మాటలు ఎక్కడెక్కడ విడిపోతాయో నాకు పుస్తకాలకన్నా అక్కడికొచ్చే మనుషులే ఎక్కువ నేర్పారు.

ముందు ఒక అర్జీ సంగతి చెప్పాలి. కాలువ కోసం 20 గుంటల చెలక పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ వచ్చింది. పరిహారం మొదటి విడత వచ్చింది, రెండోది రాలేదు. ఈలోగా ఎన్నికలయ్యాయి, గెలిచినవాళ్లు మారారు. ఎవరిని అడిగినా ‘అది అప్పటివాళ్లు చేసిన పని’ అని తిప్పి పంపుతున్నారట. నేను మామూలుగా ‘గత ప్రభుత్వ హయాంలో నా భూమిని సేకరించి...’ అని మొదలుపెట్టి చదివి వినిపించాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

‘గత ప్రభుత్వం అని ఎందుకు రాస్తున్నవ్ బిడ్డా? నా భూమి తీసుకున్నది సర్కారు. ఓట్లల్ల ఓడినోళ్లు పోయిన్రు. సర్కారు యాడికి పోయింది?’

ఆ కాగితం చించేసి కొత్తది రాశాను. ‘కాలువ నిమిత్తం సర్కారు వారు సేకరించిన భూమికి’ అని పెట్టాను. చివర్లో అందరూ రాయించుకునే ‘దయతో ఇప్పించగలరు’ తీసేసి, ‘చట్టప్రకారం చెల్లించవలసిన రెండో విడత’ అని రాశాను. అది ఆమెకు హక్కుగా రావలసిన డబ్బు, దయ కాదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆమె మాటలోనే ఉంది. ప్రభుత్వం అంటే మనం వాడుకలో రెండు వేరు వేరు సంగతులు చెబుతున్నాం. ‘ప్రభుత్వం పడిపోయింది’, ‘కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది’ అన్నప్పుడు మంత్రివర్గం, అంటే ఆ వేళకు అధికారంలో ఉన్నవాళ్లు. ‘ప్రభుత్వ భూమి’, ‘ప్రభుత్వ ఉద్యోగి’ అన్నప్పుడు మాత్రం ఎవరు గెలిచినా కదలకుండా ఉండే వ్యవస్థ. ఈ రెండోదానికి పెద్దమ్మ సర్కారు అంది. రాజనీతిశాస్త్రం దాన్ని రాజ్యం అంటుంది. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, ఈ నాలుగూ కలిస్తేనే రాజ్యం అని మీరు చదివే ఉంటారు. అంటే ప్రభుత్వం రాజ్యంలో ఒక భాగం మాత్రమే. రాజ్యాంగం 12వ అధికరణంలో చెప్పిన రాజ్యంలోకి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతో పాటు పార్లమెంటు, శాసనసభలు, స్థానిక సంస్థలు కూడా వస్తాయి. ఆ లెక్కన మీ ఊరి పంచాయతీ కూడా రాజ్యమే.

ఈ తేడా మాటల పట్టింపు కాదు, దీనిమీద మనుషులు జైలుకు వెళ్లారు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజద్రోహం సెక్షను గురించి తీర్పిస్తూ, చట్టప్రకారం ఏర్పడిన ప్రభుత్వం వేరు, ఆ వేళకు పాలన నడుపుతున్న వ్యక్తులు వేరు అని స్పష్టంగా చెప్పింది. హింసకు ఉసిగొల్పనంతవరకు ప్రభుత్వ చర్యలను ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదంది. కాబట్టి అధికార పార్టీని తిట్టినవాణ్ణి రాజద్రోహి అనేవాళ్లు భాషలోనూ తప్పు చేస్తున్నట్టే.

సర్కారు మాట పారసీ నుంచి వచ్చింది. మొగలుల కాలంలో సుబాకు, అంటే పెద్ద ప్రాంతానికి కింద, పరగణాకు, అంటే కొన్ని ఊళ్ల గుంపుకు పైన ఉండే విభాగం పేరు కూడా సర్కారే. చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు కలిపి ఉత్తర సర్కారులు అన్నారు. కోస్తా ప్రాంతానికి సర్కారు జిల్లాలన్న పేరు అలా నిలిచింది. అక్కడ సర్కారంటే ప్రభుత్వం అని చెప్పుకుంటే అర్థం చెడుతుంది. ఈ మాట ఎంత లోతుకు దిగిందంటే, చెరువు గట్టున ముళ్లతో పెరిగేది సర్కారు తుమ్మ, వేలంలో మొదటి ధర సర్కారు వారి పాట, తెలంగాణ పాత పహాణీల్లో, అంటే భూమి రికార్డుల్లో, ప్రభుత్వ భూములకు రాసే పేర్లు ‘గైరాన్ సర్కారీ’, ‘ఖారిజ్ ఖాతా సర్కారీ’. మా వైపు సర్కారు దవాఖాన అంటే, వాగు దాటి ఆంధ్రలోకి వెళ్తే అదే గవర్నమెంటాసుపత్రి. నన్నడిగితే అక్కడ నోటి వాడుకలో ప్రభుత్వానికి అసలైన పర్యాయపదం గవర్నమెంటే. నిఘంటువులో లేకపోతే అది నిఘంటువు లోటు.

ప్రభుత్వం అన్న మాటను విడదీస్తే ప్రభువుతనం అని వస్తుంది. బ్రిటిషువారి రోజుల్లో వాడిన దొరతనం కూడా అలాంటిదే, ‘దొరతనమువారు’ అంటే గవర్నమెంటు వారు. ఏలుబడిని ఒక రాజు కాలానికో, ఒకరి కింద ఉన్న స్థితికో వాడతాం. పాలన అంటే చేసే పని, ప్రభుత్వం అంటే ఆ పని చేసేది.

రాష్ట్రం దగ్గర మాత్రం జాగ్రత్త. తెలుగులో అది దేశంలో ఒక భాగం. హిందీలో రాష్ట్ర్ అంటే దేశం, రాష్ట్రాన్ని రాజ్య్ అంటారు. అందుకే రాష్ట్రపతి దేశమంతటికీ అధిపతి, రాజ్యసభ ఏమో రాష్ట్రాల సభ. మా అబ్బాయి ఐదో తరగతిలో ‘మన రాష్ట్రపతి ఎవరు’ అన్న ప్రశ్నకు ముఖ్యమంత్రి పేరు రాసి మార్కు పోగొట్టుకున్నాడు. తెలుగు తెలిసిన పిల్లవాడు అలా అనుకోవడంలో వాడి తప్పేమీ లేదు.

పరీక్షలో ‘పర్యాయపదం రాయండి’ అని ఉంటే ప్రభుత్వానికి సర్కారు రాయండి, చాలు. వ్యాసం రాసేటప్పుడు మాత్రం గెలిచి వచ్చినవాళ్ల గురించి అయితే ప్రభుత్వం, మొత్తం వ్యవస్థ గురించి అయితే రాజ్యం అనండి. రెండింటినీ ఒకే పేరాలో కలపాల్సి వస్తే మొదట్లోనే ఒక వాక్యంలో తేడా చెప్పేయండి.