పాఠకుల ప్రశ్నలు: యుద్ధకాలపు చెలిములు

ప్రశ్న: మా తాతగారు రంగంలో, అంటే నేటి యాంగోన్‌లో, రేవు కూలీగా పనిచేసేవారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాక, తమ్ముణ్ని వెంటబెట్టుకుని అరకాను కొండల దారిన నడక మొదలుపెట్టారు. ఇంటికి మాత్రం ఒంటరిగా చేరారు. మా ఇంట్లో నేతాజీ పటానికి ఇప్పటికీ దండ వేస్తాము. ఆ జపానుతో, అంతకు ముందు హిట్లరుతో నేతాజీ ఎలా చేయి కలిపారని మా అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ఈ ప్రశ్నను దాటవేయకండి, పటానికి దండ వేస్తూనే నిజం చెప్పవచ్చు. 1941 జనవరిలో కలకత్తాలోని ఇంటి నిర్బంధం నుంచి తప్పించుకుని, కాబూలు, మాస్కోల మీదుగా ఏప్రిల్‌లో బెర్లిన్ చేరిన సుభాష్ చంద్ర బోసు వెతికినది తన భావాలు పంచుకునే రాజ్యాన్ని కాదు, బ్రిటన్‌తో పోరాడుతున్న రాజ్యాన్ని. భారత స్వాతంత్ర్యాన్ని బహిరంగంగా గుర్తించమని ఆయన ఏడాదికి పైగా అడిగినా, 1942 మేలో ముఖాముఖి కలిసినప్పుడు కూడా హిట్లరు ఆ మాట ఇవ్వలేదు. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామి ఎక్కి ఆయన తూర్పుకు, జపాను వైపు బయలుదేరడానికి ఆ నిరాశ కూడా ఒక కారణం.

ఇంతకీ అవతలి పక్షమైన బ్రిటన్ మన ప్రాంతానికి ఎలా కనిపించిందో మీ ఊరి జైలే చెబుతుంది. ఏ ప్రజలకైనా తమ ప్రభుత్వాన్ని తాము ఎన్నుకునే హక్కు ఉందని 1941 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడితో కలిసి అట్లాంటిక్ ఒడంబడికలో రాసిన బ్రిటన్ ప్రధాని చర్చిల్, మరుసటి నెలలోనే అది భారతదేశానికి వర్తించదని పార్లమెంటులో చెప్పారు. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషను ముందుకు ఊరేగింపు నడిపించిన కొరాపుట్ గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను, ఒక అటవీ కాపలాదారు హత్య నేరం మోపి, 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. మీ తాతగారు నడిచిన రోజుల్లోనే తెల్లవారికి ఒక దారి, భారతీయులకు ఒక దారి కేటాయించారన్న ఆరోపణ కూడా వచ్చింది. ఇదంతా చూసిన వారికి, నియంతలతో పోరాడుతున్న ప్రజాస్వామ్యం అన్న మాట నమ్మశక్యంగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే మీ అమ్మాయి ప్రశ్న అంతటితో తీరదు. చెలిమి చేసిన నాయకుడి ఉద్దేశం ఎంత స్వచ్ఛమైనదైనా, ఆ చెలికాడి చేతికి చిక్కిన జనానికి ఏమి జరిగిందన్నది వేరుగా అడగాలని నా నమ్మకం. 1943 డిసెంబరు చివర బోసు పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. అండమాన్ దీవులు కాగితం మీద, జపాను అండతో బోసు ఏర్పరచిన ఆజాద్ హింద్ ప్రభుత్వానివే. అసలు అధికారం మాత్రం జపాను నౌకాదళం చేతిలోనే ఉండిపోయింది. ఆయన వెళ్లిన పదిహేను రోజులకు, అక్కడి ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడైన డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులార్ జైలులో చిత్రహింసలకు గురై మరణించారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది భారతీయులను గూఢచారులన్న అనుమానంతో కాల్చి చంపారు. జపాను వేయించిన సయాం (నేటి థాయిలాండ్)–బర్మా రైలు మార్గం పనిలో మలయా తోటల నుంచి తీసుకుపోయిన దక్షిణ భారతీయులు, వారిలో మన తెలుగువారు కూడా, వేల సంఖ్యలో చనిపోయారు. బోసు కీర్తి చెప్పేటప్పుడు ఈ మృతుల ప్రస్తావన రాకపోవడం నన్ను బాధిస్తుంది.

మీ తాతగారు వదిలివచ్చిన బర్మాలోనే మరో ఉదాహరణ ఉంది. జపాను సాయంతో సైన్యం కట్టి బ్రిటిషువారి మీదికి వచ్చిన ఆంగ్ సాన్, 1943 ఆగస్టులో జపాను ఇచ్చిన స్వాతంత్ర్యం పేరుకే అని గ్రహించి, 1945 మార్చి 27న ఆ జపాను మీదనే తిరగబడ్డారు. బోసుకు ఆ దారి తెరిచి లేదు. ఆయన సేన పుట్టిందే జపాను చేతికి యుద్ధఖైదీలుగా చిక్కిన భారతీయ సైనికుల నుంచి.

ప్రశ్న: పోలండు కోసం యుద్ధానికి దిగిన బ్రిటన్, ఆ పోలండులో సగం మింగిన స్టాలిన్‌తో ఎలా కలిసింది?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: హిట్లరు 1941 జూన్ 22న రష్యా మీద పడగానే, జీవితమంతా బోల్షివిక్కులను ద్వేషించిన చర్చిల్ ఆ సాయంత్రమే రేడియోలో రష్యాకు సాయం ప్రకటించారు, జులై 12న ఒప్పందం కుదిరింది. జర్మను సైన్యంలో అత్యధిక భాగంతో తలపడినది రష్యాయే కనుక ఆ కలయిక లేకుండా హిట్లరును ఓడించడం సాధ్యమయ్యేదని నేను అనుకోను. కాని 1940లో సోవియట్ పోలీసులు దాదాపు 22,000 మంది పోలండు అధికారులను, ఖైదీలను చంపిన కటిన్ ఉదంతం 1943 ఏప్రిల్‌లో బయటపడినప్పుడు, లండన్‌లో తలదాచుకున్న పోలండు ప్రభుత్వం విచారణ కోరితే, స్టాలిన్ దానితో సంబంధాలు తెంచుకున్నాడు. బ్రిటన్ నోరు మెదపలేదు. ఆ నేరాన్ని మాస్కో ఒప్పుకున్నది 1990లో.

ప్రశ్న: మా చుట్టుపక్కల ఎం.వి. అన్న అక్షరాలతో, అంకెలతో పిలిచే బెంగాలీ శరణార్థుల ఊళ్లు చాలా ఉన్నాయి. 1971లో ప్రజాస్వామ్య దేశమైన అమెరికా, వారిని తరిమిన సైనిక నియంత యాహ్యా ఖాన్ పక్షాన ఎందుకు నిలిచింది?
– ఒక వర్తకుడు, కలిమెల, మల్కన్‌గిరి జిల్లా

జవాబు: చైనా కోసం. కమ్యూనిస్టు చైనాతో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రహస్యంగా నడుపుతున్న రాయబారానికి యాహ్యా ఖాన్ మధ్యవర్తి. 1971 జులైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ నుంచే గుట్టుగా బీజింగ్‌కు ఎగిరారు. అంతకు ముందే ఏప్రిల్ 6న, ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు, ప్రజాస్వామ్యం అణచివేతను తమ ప్రభుత్వం ఖండించడం లేదని టెలిగ్రాము పంపారు. తర్వాత ఆయనను అక్కడి నుంచి బదిలీ చేశారు. ఉద్యోగానికి ముప్పు రావచ్చని తెలిసీ సంతకం పెట్టిన అటువంటివారిని నేను తలచుకోకుండా ఉండలేను.

మన దేశం చేసిన పనిని కూడా అదే తూకంతో చూడాలి. 1971 ఆగస్టు 9న మనం ఒప్పందం చేసుకున్నది ఒకే పార్టీ పాలించే సోవియట్ యూనియన్‌తో. డిసెంబరులో యుద్ధం ఆపమన్న ఐక్యరాజ్యసమితి సాధారణసభ తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 11 వచ్చినా, భద్రతామండలిలో మనను కాపాడినది సోవియట్ వీటో. ఆ సాయం వల్ల తూర్పు బెంగాల్ ప్రజలకు విముక్తి లభించింది కనుక అది సరైన పనేనని నా అభిప్రాయం. 1980 జనవరిలో అదే సాధారణసభ, సరిగ్గా 104 ఓట్లతోనే, అఫ్ఘానిస్తాన్ నుంచి విదేశీ సేనలు, అంటే సోవియట్ సేనలు, వెళ్లిపోవాలన్నప్పుడు మనం ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయాము. అది సరైన పని అని మాత్రం అనలేను.

మీ లేఖలోని ఒక మాట సవరించాలి. 1971లో వచ్చిన సుమారు కోటి మందిలో అత్యధికులు బంగ్లాదేశ్ ఏర్పడిన కొద్ది నెలలకే తిరిగి వెళ్లిపోయారు. మీ పొరుగువారిలో ఎక్కువమంది అంతకు ముందే తూర్పు పాకిస్తాన్ వదిలి, 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద అక్కడికి వచ్చినవారు. వారిని తరిమినది యాహ్యా ఖాన్ సైన్యం కాదు, అంతకు ముందటి అల్లర్లు, భయాలు. ఆ కథను వారి నోటనే వినండి.