వోల్టేజీ పదోవంతు తగ్గితే బల్బుకు ఏమవుతుంది?

ప్రశ్న: మా వరండాలో పాత ఫిలమెంటు బల్బు ఒకటుంది. వోల్టేజీ తగ్గినప్పుడల్లా ఎర్రగా, గుడ్డిగా వెలుగుతుంది. మీటరు పెట్టి చూస్తే 230 ఉండాల్సింది 207 ఉంది. తగ్గింది పదోవంతే కదా, వెలుగు అంతగా పడిపోయినట్టు కనిపించడం నా భ్రమా? ఇలా వెలిగితే బల్బు త్వరగా పోతుందా?

జవాబు: భ్రమ కాదండీ. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది.

ల్యాబులో ఈ ప్రయోగం చేయించే ముందు విద్యార్థులను ఊహించి రాయమనేవాణ్ని. వోల్టేజీని పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్‌తో దాన్ని సగం చేస్తే వెలుగు ఎంత ఉంటుంది? లెక్కలు బాగా వచ్చినవాళ్లు పావు వంతు అని రాసేవారు. వోల్టేజీ సగమైతే కరెంటూ సగమే, కాబట్టి వాట్లు పావు వంతు అని వాళ్ల వాదన. తీరా చూస్తే వెలుగును కొలిచే లక్స్ మీటరు పదోవంతు దగ్గర ఆగేది. ఇంకో తమాషా ఏమిటంటే, వాట్లు వాళ్లనుకున్నంత కూడా తగ్గవు. తీగ చల్లబడితే దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది కాబట్టి కరెంటు సగానికి పడిపోదు. వాట్లు మూడో వంతు దాకా మిగులుతాయి.

మరి వెలుగు ఎటు పోయింది? టంగ్‌స్టన్ తీగ పూర్తి వోల్టేజీలో సుమారు 2500 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అంత వేడిలోనూ అది వెదజల్లేదంతా చాలావరకు కంటికి కనిపించని పరారుణ కిరణాలే. కాస్త చల్లబడిందంటే ఆ ఉన్న కొద్దిపాటి వెలుగులోనూ ముందు నీలం, తర్వాత ఆకుపచ్చ తగ్గిపోయి ఎరుపు మిగులుతుంది. కొలిమిలోంచి తీసిన ఇనుము రంగు మారేదీ ఇందుకే.

బల్బు పాడవుతుందన్న భయం అక్కర్లేదు. పదోవంతు తక్కువ వోల్టేజీలో అది సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కాలం బతుకుతుంది. భయపడాల్సింది వోల్టేజీ పెరిగినప్పుడు. 5 శాతం ఎక్కువైతే చాలు, ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. తీగ నుంచి టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు లోపల నల్లగా పడుతుంది. తీగ ఎక్కడ సన్నబడితే అక్కడ వేడి ఇంకా పెరిగి, చివరికి అక్కడే తెగుతుంది. సాధారణంగా స్విచ్ వేసిన క్షణంలోనే బల్బు ఎందుకు పోతుందంటారా? 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు నిరోధం 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు 40 ఓములకు అటూ ఇటూ. ఆ మొదటి క్షణంలో వచ్చే కరెంటు పోటుకు సన్నబడిన తీగ తట్టుకోలేదు.

కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బు మాటేమిటని తరచూ అడుగుతుంటారు. దాన్ని ఆర్పడం చాలా అరుదు, అదీ ఇప్పుడు 4 వాట్ల బల్బులా మసగ్గా వెలుగుతోంది. ఆ వెలుగులో మీరు ఈ పత్రిక చదవలేరు. ఆయుష్షు కోసం వెలుగును వదులుకోవడం నా దృష్టిలో గిట్టుబాటు బేరం కాదు. ఇందాక చెప్పినట్టు సగం వోల్టేజీలో కరెంటు ఖర్చు మూడో వంతు ఉంటుంది, వెలుగు పదోవంతే వస్తుంది.

ప్రశ్న: 60 వాట్ల బల్బును, 100 వాట్ల బల్బును సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపితే 60ది బాగా వెలిగింది, 100ది వెలగనే లేదు. పెద్ద బల్బు పాడైందా?

జవాబు: పాడవలేదు. సిరీస్‌లో రెండింటికీ కరెంటు ఒకటే, వోల్టేజీనే వాటాలు పడుతుంది. నిరోధం ఎక్కువున్న 60 వాట్ల బల్బుకు పెద్ద వాటా. 100 వాట్లది చల్లబడి నిరోధం ఇంకా తగ్గడంతో దాని వాటా మరీ చిక్కిపోతుంది. 230లో సుమారు 160 వోల్టులు చిన్న బల్బుకు, 70 పెద్ద బల్బుకు. 70 వోల్టులకు తీగ ఎర్రబడితే గొప్పే, పగటి వెలుతురులో అదీ కనిపించదు.

ప్రశ్న: ఎల్‌ఈడీ బల్బుకు ఈ తేడా ఎందుకు ఉండదు?

జవాబు: మంచి ఎల్‌ఈడీ బల్బు లోపల డ్రైవరు అనే సర్క్యూట్ ఉంటుంది. లైనులో వోల్టేజీ తగ్గినా పెరిగినా ఎల్‌ఈడీలకు వెళ్లే కరెంటును అది ఒకేలా ఉంచుతుంది. హద్దు దాటి తగ్గితే మాత్రం బల్బు మిణుకుమిణుకుమంటుంది, లేదా ఒక్కసారిగా ఆరిపోతుంది. చవక రకాల్లో డ్రైవరుకు బదులు ఒక కెపాసిటరుతో సరిపెడతారు. వాటి వెలుగు వోల్టేజీతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని రాశారో చూడండి.